పాతాళబాట మీద మజిలీ: ముందు గాలి లెక్క, తర్వాతే గోడలు

బల్ల మీద ఆడే సాహస ఆటలకైనా, సొంతంగా అల్లుకునే మాయాలోకపు కథలకైనా, భూగర్భ రహదారి మీద మజిలీ అనగానే చాలామంది గీసే బొమ్మ ఒకటే. పెద్ద గుహ, గోడ వెంబడి వరసగా కాగడాలు, మధ్యలో సత్రం, సత్రంలో రాత్రింబవళ్లు మండే పొయ్యి, పక్కన గుర్రాల కొట్టం. పటం అందంగానే ఉంటుంది. అందులో పడుకున్నవాళ్లు మాత్రం తెల్లారి లేవరు. ఆ పొయ్యి ఎవరి ఊపిరితో మండుతోందో గీసినవాళ్లు అడగలేదు గనక.

కాబట్టి ఇక్కడ ఒక మజిలీని గాలితో మొదలుపెట్టి కట్టి చూద్దాం. దారి పేరు చీకటిబాట, మజిలీ పేరు గాలిగడప. రెండూ కల్పితాలే. రాయి, నీరు, ఎండ మాత్రం నంద్యాల జిల్లా సున్నపురాయి నేల నుంచి తెచ్చుకున్నవి. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు చూసినవాళ్లకు ఆ తీరు తెలుసు. పైన చదును పొలాలు, నేలలో బావుల్లాంటి గుంతలు, మెట్లు దిగితే నల్ల సున్నపురాయిలో నీరు తొలిచిన సొరంగాలు. బెలుంలో కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ పైనేల నుంచి సుమారు 46 మీటర్ల కింద ఉంది. మన చీకటిబాటను ఇంతకు ఎన్నో రెట్లు ఊహలో పొడిగించుకోవాలి. మజిలీని మాత్రం 60 మీటర్ల లోతులోనే ఉంచుదాం. ఎందుకో వేడి దగ్గర చెబుతాను.

మజిలీకీ మజిలీకీ ఎంత దూరం? పైన మంచి బాట మీద బరువుతో నడిచే బాటసారి రోజుకు 20, 25 కిలోమీటర్లు పోతాడు. కింద అందులో సగమే అనుకోండి. నేల తడి, ఎత్తుపల్లాలు, దీపం వెలుగు నాలుగు అడుగుల మేర. గాడిదలు నీటి మడుగు దగ్గర మొరాయిస్తాయి. 10, 12 కిలోమీటర్లకు ఒక మజిలీ పడాలి. కానీ కొలిచి సరిగ్గా 10 దగ్గర కట్టడం కుదరదు. పైకి తెరుచుకునే సహజమైన బిలం ఎక్కడుంటే మజిలీ అక్కడే. ఒక చోట 7 కిలోమీటర్లకే వస్తుంది, ఇంకో చోట 16 నడవాలి. ఆ 16 కిలోమీటర్ల మజిలీయే మీ కథకు పనికొచ్చేది.

ఒక దీపం, ఒక మనిషి

కదలకుండా కూర్చున్న మనిషి గంటకు సుమారు 15 లీటర్ల ఆక్సిజన్ వాడి, 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బరువు మోస్తుంటే దానికి నాలుగైదు రెట్లు. ఇప్పుడు ఆముదపు దీపం చూడండి. వత్తి లావును బట్టి గంటకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల చమురు తాగుతుంది. 8 మిల్లీలీటర్లు అనుకుంటే, అది మండడానికి 16 లీటర్ల ఆక్సిజన్ కావాలి, 11 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది వదిలే వేడి కూడా మనిషి ఒళ్లు వదిలే వేడికి దగ్గర్లోనే ఉంటుంది. అంటే గుహలో పెట్టిన ప్రతి దీపం ఒక మనిషి కింద లెక్క. ఈ సమీకరణం దొరికాక మిగతా మజిలీ అంతా దానంతట అదే తయారవుతుంది.

దీన్నే కొలమానం చేసి 'శ్వాస' అందాం. కూర్చున్న మనిషికి 1, దీపానికి 1. ఒంటి బరువును బట్టి చూస్తే గాడిదకు 2, ఎద్దుకు 5 లేదా 6. కాగడా గంటకు 100 మిల్లీలీటర్ల చమురు తాగినా 12 శ్వాసలు. సినిమాల్లో లాగా గోడకు ఇరవై కాగడాలు పెడితే 240 మంది అదనంగా లోపలున్నట్టే. అందుకే గాలిగడపలో కాగడా నిషేధం. దారిలో ఎవరైనా వెలిగించుకొస్తే ద్వారం బయటే మట్టిలో గుచ్చి ఆర్పించాలి.

లోపలికి ఎంత గాలి వస్తోంది? ద్వారం దగ్గర చీకటిబాట సన్నబడి 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు అవుతుంది. అంటే 4 చదరపు మీటర్ల గొంతు. 10 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, అగరుబత్తి పొగ ఒకదాన్నుంచి రెండోదానికి ఎన్ని సెకన్లలో పోతుందో లెక్కపెట్టాలి. 20 సెకన్లు పడితే వేగం సెకనుకు అర మీటరు. 4ను అరతో గుణిస్తే సెకనుకు 2 ఘనపు మీటర్లు, నిమిషానికి 120.

మన దేశపు బొగ్గు గనుల నిబంధనల ప్రకారం షిఫ్టులో దిగిన ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. సింగరేణి బాయిలకు ఆ 6 అవసరం. బొగ్గులోంచి మీథేన్ ఊరుతుంది, దుమ్ము లేస్తుంది, తూటాలు పేలుస్తారు. సున్నపురాయి గుహలో ఆ మూడూ లేవు గనక శ్వాసకు 2 ఘనపు మీటర్లు పెట్టుకున్నాను. 120ని 2తో భాగిస్తే 60 శ్వాసలు. గాలిగడప సామర్థ్యం అదే. ఎన్ని గదులున్నాయి, ఎన్ని మంచాలున్నాయి అన్నవి తర్వాత.

2 కూడా ఎక్కువే కదా అని లెక్క తెలిసినవాళ్లు అడుగుతారు. పని చేస్తున్న మనిషి నిమిషానికి ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్ వదిలినా, 2,000 లీటర్ల గాలిలో అది 0.05 శాతమే. నిజమే. కానీ గాలి వేగం పదో వంతుకు పడిపోయే రోజులు ఏటా వస్తాయి. ఆ రోజు అదే 0.5 శాతానికి చేరి హద్దు తాకుతుంది. మిగిలిన గాలంతా ఆ రోజుల కోసం దాచిపెట్టిన పొదుపు.

60 శ్వాసల పంపకం ఇలా చేశాను: మజిలీ సిబ్బంది 14, బాటసారులు 20, గాడిదలు 8 కనక 16, దీపాలు 10. సరిగ్గా నిండింది. ఎడ్లకు చోటు లేదు. ఒక జత ఎడ్లు 12 శ్వాసలు, అంటే పన్నెండు మంది సుంకం పోయినట్టే. అందుకని చీకటిబాట మీద సరుకంతా గాడిదల మీదే పోతుంది. గాడిదకు 50 కిలోల లెక్కన ఎనిమిదింటికి 400 కిలోలు. దాంతో ఈ దారిలో ధాన్యం, కలప లాంటి చవక సరుకు గిట్టుబాటు కాదని తేలిపోయింది. ఉప్పు, మందుదినుసులు, లోహం, రంగురాళ్లు, ఉత్తరాలు. మీ లోకపు వర్తకం ఏమిటో కూడా గాలే చెప్పింది.

లెక్క తప్పకుండా ఉండాలంటే గనుల్లో బిళ్ల ఇచ్చినట్టు ఇక్కడా బిళ్లలు ఇవ్వాలి. ద్వారం దగ్గర పలక మీద 60 మేకులు, 60 మట్టిబిళ్లలు. మనిషి లోపలికి వస్తే ఒకటి, గాడిదకు రెండు, దీపం వెలిగిస్తే ఒకటి తీయాలి. పలక ఖాళీ అయితే తలుపు మూయాలి. కొత్తగా వచ్చినవాడు రాజుగారి బంధువైనా సరే, లోపల ఒక దీపం ఆరితేగాని అడుగు పెట్టలేడు.

గాలి ఎటు వీస్తుంది

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. గుహలో గాలి ఎప్పుడూ ఒకే వైపు వీస్తుందని గీసేస్తారు. గుహ లోపలి వేడి ఏడాది పొడవునా దాదాపు మారదు. పైనేల సగటు వేడి ఎంతో లోపల అంత. రాయలసీమలో అది 27, 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పుష్యమాసపు రాత్రి బయట 17 డిగ్రీలుంటే, లోపలి గాలి వెచ్చగా, తేలికగా ఉండి పై బిలం గుండా ఎగిరిపోతుంది. కింది నోటి నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వైశాఖ మధ్యాహ్నం బయట 42 అయితే అంతా తలకిందులు. లోపలి గాలే చల్లగా, బరువుగా ఉండి కింది నోట్లోంచి కారిపోతుంది, పై బిలం గాలిని పీలుస్తుంది. చైత్రంలో పగలొక వైపు, రాత్రొక వైపు వీచే రోజులుంటాయి.

ఆషాఢ శ్రావణాల్లో ముసురు పట్టి బయట పగలూ రాత్రీ 26, 28 మధ్యే ఆడుతుంటే? లోపలికీ బయటికీ తేడా ఉండదు. గాలి నిలిచిపోతుంది. అగరుబత్తి పొగ నిట్టనిలువుగా లేచి పైకప్పు కింద పొరలా పరుచుకుంటుంది. మజిలీకి ఏడాదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం ఇదే. వరద వచ్చేది కూడా ఈ నెలల్లోనే.

దీనికి మందు వంటగది. గంటకు 2 కిలోల ఎండు కట్టె మండే పొయ్యి వంద మందికి పైగా వాడే ఆక్సిజన్‌ని మింగుతుంది. మజిలీ గాలిలోంచి అది తింటే 60 శ్వాసల లెక్క అప్పుడే మునిగిపోతుంది. అందుకని పొయ్యిని పైనేల దాకా పోయే సొంత పొగబావి అడుగున పెట్టాలి. 60 మీటర్ల ఎత్తు పొగబావిలో వేడి గాలి పైకి దూసుకుపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి దారి రెండు వైపుల నుంచీ గాలి లోపలికి రావాల్సిందే. పొయ్యి గాలిని తినేస్తోంది నిజమే, కానీ తను తిన్నదానికి చాలా రెట్లు లాక్కొస్తోంది. యంత్రపు ఫ్యాన్లు రాకముందు బ్రిటన్ బొగ్గు గనుల్లో గాలి నడిపింది ఇలాంటి కొలిమిలే. పైగా ఋతువు మారినా గాలి దిక్కు మారదు, ఎటు నుంచైనా వంటగది వైపే. కాబట్టి పడకలు ద్వారం వైపు, తర్వాత గాడిదల కొట్టం, ఆ తర్వాత మరుగుదొడ్డి, చివర వంటగది. వాసనలన్నీ వరసలో వెళ్లి పొగబావి ఎక్కుతాయి.

వంటగది పక్కన మరుగుదొడ్డి ఏమిటని ముఖం చిట్లించకండి. మధ్యలో రెండు తలుపుల నడవా ఉంటుంది. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి దగ్గరి దారి చూసుకుని పోతుంది, పడకగదిలో నిలిచిపోతుంది. గనుల్లో గాలి తలుపులు ఎప్పుడూ జంటగా పెట్టేది ఇందుకే. తలుపు సందులో రాయి అడ్డం పెట్టి పోయే బద్ధకస్తుడు ప్రతి మజిలీలోనూ ఒకడుంటాడు. మీ ఆటలో మొదటి ప్రమాదం వాడితో మొదలుపెట్టండి, రాక్షసి అక్కర్లేదు.

ఖర్చు కూడా చెప్పుకోవాలి. రోజంతా మండితే 48 కిలోల కట్టె, అంటే దాదాపు ఒక గాడిద మోత. గాలి నిలిచే 40 రోజులకు 40 మోతలు, సుమారు 2 టన్నులు. అది వైశాఖంలోనే చేరాలి. గుహ గాలిలో తేమ నిండుగా ఉంటుంది, కట్టెలు చెమ్మ పట్టి బూజెక్కుతాయి. పొయ్యి చుట్టూ గోడకు పేర్చి, ముందు వాడాల్సినవి లోవరసలో పెడితే ఆరుతుంటాయి. బొగ్గులు వాడితే పొగ రాదు కదా అనే తెలివి మాత్రం పనికిరాదు. బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, దీపం కూడా దాన్ని పట్టివ్వదు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా పంజరంలో కానరీ పిట్టల్ని దించింది ఆ విషం కోసమే. పడకగది పైకప్పు దగ్గర ఒక చిన్న పక్షి పంజరం గీసుకోండి.

దీపం పట్టిచ్చేది వేరే ప్రమాదాన్ని. ఆక్సిజన్ 21 నుంచి 16 శాతం దగ్గరికి పడిపోతే మంట ఆరుతుంది, మనిషి అప్పటికింకా నిలబడే ఉంటాడు. ఆ కాస్త తేడాయే వెనక్కి తిరగడానికి దొరికే సమయం. పాత బావి దిగేముందు తాడుకు దీపం కట్టి దించి చూసేది, జొన్నల పాతర మూత తీసి కాసేపు వదిలేశాక గానీ మనిషి దిగకుండా ఉండేది ఇందుకే. పాతరలో గింజలే ఊపిరి తీసి గాలిని పాడు చేస్తాయి. గాలిగడపలోనూ ధాన్యం పాతర ఉంది. దాని మీద ఒకటే నియమం: దీపం దించకుండా ఎవరూ దిగకూడదు, లోపల పడిన మనిషిని కాపాడడానికి కూడా. రెండో మనిషి, మూడో మనిషి చచ్చేది ఎప్పుడూ అక్కడే.

వేడి గురించి రెండు ముక్కలు. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. చలిదేశపు గుహలో 10 డిగ్రీల దగ్గర మొదలవుతారు గనక రెండు మూడు వందల మీటర్లు దిగినా హాయి. మనం 28 దగ్గర మొదలయ్యాం. 200 మీటర్లు దిగితే 33, 34. గుహ గాలిలో తేమ నిండుగా ఉంటుంది కాబట్టి చెమట ఆరదు. అందుకే గాలిగడపను 60 మీటర్ల దగ్గరే ఆపాను. గని నిబంధనల్లో తడిబల్బు వేడికి, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వేడికి, హద్దు 33.5 డిగ్రీలు, 30.5 దాటితేనే సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి తోలాలి. 3 కిలోమీటర్లకు పైగా దిగిన కోలార్ బంగారు గనుల్లో అడుగు రాయి 60 డిగ్రీలు దాటేది. మంచులోకాల కథల్లోని అగాధ నగరాలను రాయలసీమ కింద పెట్టాలంటే వాటిని పైకి లాగాలి.

నీరు

నీటిని వెతకడంలో మనకు మంచి గురువే ఉన్నాడు. కిష్కింధకాండలో దాహంతో అలమటించే వానరుల్లో హనుమంతుడు, బిలంలోంచి తడిసిన రెక్కలతో పక్షులు రావడం, బిలం నోటి దగ్గర చెట్లు పచ్చగా ఉండడం చూసి లోపల నీళ్లున్నాయని తేలుస్తాడు. మీ ఆటగాళ్లకు కూడా ఇలాంటి ఆనవాళ్లే ఇవ్వండి.

అవసరం ఎంత? మనిషికి తాగడానికీ వంటకూ రోజుకు 7 లీటర్లు, గాడిదకు 15. 34 మందికి, 8 గాడిదలకు కలిపి 358 లీటర్లు. పైకప్పు నుంచి సెకనుకు ఒక చుక్క పడే చోట కుండ పెడితే రోజుకు 4 లీటర్ల చిల్లర వస్తుంది. అలాంటి 85 చుక్కలచోట్లు ఉంటే సరిపోతుంది, కానీ వేసవిలో సగం ఆగిపోతాయి. 10 రోజుల నిల్వకు 2 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, ఒక మీటరు లోతు తొట్టి తొలవాలి. కింద పారే వాగును తాగునీటికి నమ్మొద్దు. ఇసుకనేలలో నీరు వడగట్టబడుతుంది. సున్నపురాయిలో పైన ఊరి మురుగు ఏ గుంతలో దిగినా పగుళ్ల గుండా వడపోత లేకుండానే వచ్చేస్తుంది. తేటగా ఉండడం చూసి మోసపోతారు. ఈ లెక్కన చీకటిబాటలో విరేచనాలు పట్టుకుంటే ఎగువ మజిలీ మరుగుదొడ్డిని అనుమానించాలి. బూడిద చల్లి, గంపలకెత్తి, వెనక్కి పోయే ఖాళీ గాడిదల మీద పైకి పంపడమే పద్ధతి.

వరద ఆనవాలు గోడ మీదే రాసి ఉంటుంది. బురద చార ఎంత ఎత్తున ఉందో, పైకప్పు పగుళ్లలో గడ్డిపరకలు, పుల్లలు ఎక్కడ ఇరుక్కున్నాయో చూడాలి. మజిలీ నేల ఆ చారకు కనీసం 2 మీటర్ల పైన ఉండాలి. గాలిగడపలో బురద చార దారి నుంచి 2 మీటర్ల ఎత్తున ఉంది గనక నేలను 4 మీటర్లకు ఎత్తాను. గాడిదలు ఎక్కాలి కాబట్టి మెట్లు కాకుండా 30 మీటర్ల వాలు. 2018 జూన్‌లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లిన 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ బయటపడడానికి జులై 10 దాకా పట్టింది. వాళ్లు ప్రాణాలతో మిగిలింది నీటికి అందని ఎత్తులో కూర్చున్నందువల్లే. వరదొస్తే గాలిగడపకు కూడా దారి రెండు వైపులా మూసుకుపోతుంది. అప్పుడు మిగిలేది పొగబావి. కాబట్టి అందులో ఒక పక్కన, మంటకు అందకుండా వేరే గాడిలో, రాతిలో తొలిచిన మెట్లు ఉండి తీరాలి.

రెండో దారి మీద బేరం లేదు. 1862 జనవరిలో ఇంగ్లండ్‌లోని హార్ట్లీ గనిలో నీళ్లు తోడే యంత్రపు దూలం విరిగి ఉన్న ఒక్క బావినీ పూడ్చేసింది. లోపల 204 మంది చనిపోయారు. ఆ ఏడాదే ప్రతి గనికీ రెండు దారులు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. 1869లో పెన్సిల్వేనియాలోని ఏవన్‌డేల్ గనిలో, గాలి నడిపే కొలిమి ఉన్న ఒకే ఒక్క బావికి నిప్పంటుకుని 110 మంది పోయారు. ఆ బావికి చెక్కతో లోపలి కట్టు ఉండేది. మన పొగబావికి చెక్క వాడొద్దు, మసి నెలకోసారి గీకించాలి.

పుట్టగొడుగులు తిని బతకరు

పాతాళలోకాల్లో అందరూ పుట్టగొడుగులే పండిస్తారు, అవే తింటారు. లెక్క చూడండి. 100 గ్రాముల పచ్చి పుట్టగొడుగుల్లో సుమారు 30 కేలరీలు. రోజుకు 2,400 కావాలంటే 8 కిలోలు తినాలి. అవి ఊరికే మొలవవు కూడా. ముత్యపు పుట్టగొడుగులైతే కిలో ఎండు వరిగడ్డికి అర కిలో నుంచి కిలో దాకా వస్తాయి. అంటే ఒక్క మనిషికి రోజూ 8 నుంచి 16 కిలోల గడ్డి కిందికి దించాలి. ఒక గాడిద మీద గడ్డి బదులు 50 కిలోల జొన్నలు వేస్తే సుమారు డెబ్బైమందికి ఒక రోజు కడుపు నిండుతుంది. పైగా పుట్టగొడుగులు కూడా ఊపిరి తీస్తాయి, వాటి గదికి వేరే గాలి కావాలి. వాటి ధూళి రోజూ పీల్చేవాళ్లకు ఊపిరితిత్తులు వాచి ఆయాసం వస్తుంది. గాడిదల కింద తడిసిన గడ్డిని ఊరికే పారేయకుండా నాలుగు మూటలు పెంచుకుంటే వారానికోసారి కూర అవుతుంది, అంతే. తిండి పైనుంచే రావాలి: జొన్నలు, కందులు, ఎండుమిరప, చింతపండు, ఉప్పు. ఉప్పు చెమ్మకు కరిగిపోతుంది, పొయ్యి పైన ఉట్టిలో పెట్టాలి.

పైకప్పు, తలుపు గురించి క్లుప్తంగా. గది వెడల్పు 4 మీటర్లు దాటించొద్దు. ఇంకా చోటు కావాలంటే మధ్యలో రాతి స్తంభం వదిలి పక్కన ఇంకో గది తొలవాలి, బొగ్గు బాయిల్లో దిమ్మెలు వదిలినట్టు. పొద్దున లేవగానే ఒకడు ఇనుపకడ్డీతో పైకప్పు తట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగితే పొర విడింది, కూలేలోపు గునపంతో దించేయాలి. చెక్క ఊతకున్న గొప్పతనం ఏమిటంటే, విరిగేముందు మూలుగుతుంది. ద్వారానికి తుర్కియేలోని డెరింకుయు భూగర్భ నగరంలో వాడిన గుండ్రటి దొర్లుడు రాయి అందరికీ నచ్చుతుంది. 1.2 మీటర్ల అడ్డుకొలత, 30 సెంటీమీటర్ల మందం ఉన్న సున్నపురాయి బిళ్ల సుమారు 850 కిలోలు తూగుతుంది. గాడికి 3 డిగ్రీల వాలిస్తే మూయడం తేలిక, తెరవడానికి ఇద్దరు గట్టిగా నెట్టాలి. వాలు 10 డిగ్రీలు చేస్తే 150 కిలోల తోపు కావాలి, లోపలివాళ్లే బందీలవుతారు. మోతతో ఉన్న గాడిద దీంట్లో పట్టదు. కాబట్టి ఇది పడకగదులకే, దారి మీద మాత్రం రాతి కుదుళ్లలో తిరిగే టేకు తలుపు. ఇనుప బందులు పెడితే ఆ తేమకు తుప్పు పట్టి రాలిపోతాయి.

ఘడియ సాగిపోవడం

సూర్యుడు లేని చోట ఒంటి లెక్క తప్పుతుంది. 1962లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ సిఫ్ర్ ఆల్ప్స్‌లోని ఒక గుహలో గడియారం లేకుండా రెండు నెలలున్నాడు. సెప్టెంబర్ 14న బయటికి పిలిచేసరికి అతని లెక్కలో ఇంకా ఆగస్టు 20. మజిలీలో ఇలా జరిగితే కాపలా మార్పు, కట్టెల లెక్క, బిళ్లల లెక్క అన్నీ పోతాయి.

అందుకని ఘడియ గిన్నె. అడుగున సన్న చిల్లున్న రాగి గిన్నెను నీటి తొట్టిలో వదిలితే 24 నిమిషాలకు నిండి మునగాలి. అలాంటివి 60 అయితే ఒక రోజు. ఏడున్నర ఘడియలకు ఒక జాము, జాముకోసారి గంట, కాపలా మార్పు. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో బాలాహిస్సార్‌లో వినబడినట్టు, ద్వారం గుమ్మటాన్ని సరిగ్గా తొలిస్తే గంట శబ్దం దారిలో వచ్చేవాళ్లకూ అందుతుంది.

గుహ నీటితో ఒక చిక్కుంది. చుక్కనీటిలో కరిగిన సున్నం గాలి తగలగానే పొర కడుతుంది. గిన్నె చిల్లు చుట్టూ కూడా కడుతుంది. చిల్లు సన్నబడితే గిన్నె ఆలస్యంగా మునుగుతుంది, ఘడియ సాగుతుంది. 24 నిమిషాలది 26 అయితే పన్నెండు రోజులకు ఒక రోజు వెనకబడతారు. పైన అమావాస్య వచ్చినా లోపల చతుర్దశే. వారానికోసారి చింతపండు పులుసులో నానబెట్టి తోమాలి. రెండో గిన్నెను తొట్టి నీటికి తగలకుండా పొడిగా దాచి, నెలకోసారి రెంటినీ పక్కపక్కన వదిలి పోల్చాలి. ఎగువ మజిలీ తేదీకీ దిగువ మజిలీ తేదీకీ తేడా వస్తే సుంకం రసీదులన్నీ తగాదాలే.

సుంకం శ్వాసల మీద వేస్తారు గనక మోసం కూడా శ్వాసల మీదే జరుగుతుంది. గాలి దారిలో ఒక జారుడు పలక ఉంటుంది, ఎంత తెరిస్తే అంత గాలి. రద్దీ రోజున సుంకరి దాన్ని నాలుగు వేళ్లు మూసి, "గాలి తక్కువుంది, సగం మందికే చోటు, లోపలికి రావాలంటే రెట్టింపు" అనగలడు. మీ ఆటగాళ్లు దీన్ని పట్టుకోవాలంటే దీపం మంట వాలు చూడాలి. బాగా వీచేటప్పుడు మంట వంటగది వైపు ఒరుగుతుంది, పలక మూస్తే నిటారుగా నిలబడుతుంది. అదే సమయంలో పలక సందు దగ్గర చెవి పెడితే ఈల వినిపిస్తుంది. బయట గాలి నిజంగా ఆగిన రోజైతే ఆ ఈల ఉండదు.

ఇంకొకటి. పొగబావి పై నోరు ఎవరి పొలంలో ఉంది? మజిలీని గీసేవాళ్లు పైకి చూడరు. 60 మీటర్ల పైన ఒక రైతు ఉంటాడు. ఆయన నాలుగు రాళ్లు అడ్డం పెడితే కింద మజిలీ ఖాళీ చేయాల్సిందే. ఆయనతో ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి: ఏటా ఇంత ఉప్పు, వరద రోజున పైకెక్కినవాళ్లకు ఆశ్రయం, కట్టెలు అమ్మే హక్కు మొదట ఆయనకే. నోటి చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, మేకలు పడకుండా ముళ్లకంప, వాన పడకుండా నాలుగు స్తంభాల మీద రాతిపలక. పలకకూ గోడకూ మధ్య ఖాళీ మొత్తం కలిపి బావి నోటి వైశాల్యానికి తగ్గకూడదు. తగ్గితే పొగ వెనక్కి తన్నుతుంది, పొయ్యి పని చేయదు. వానకాలం ముందు ఆ ఖాళీలో పిచ్చుకగూళ్లు, తేనెపట్లు లేకుండా దులిపించే బాధ్యత కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి.